మట్టి గోడ, పచ్చిక మిద్దె: చేతిపనిగా నేర్చుకొను విధానము

రాయలసీమ పల్లెలలో మట్టి మిద్దె ఎరుగని రైతు ఉండడు. రాతితోను మట్టితోను పెట్టిన దిట్టమైన గోడలు, వానిపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై దగ్గరగా పేర్చిన కట్టెలు లేక బండలు, ఆపైన మన్ను, అన్నిటికంటె పైన చౌడు మన్ను, వెలుతురు కొరకు నడుమ ఒక గవాచి. వేసవిలో ఆ ఇంటి లోపల ఎంత చల్లగా ఉండునో అందులో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. ఇట్టి ఇండ్లు ఏటేటా తగ్గిపోవుచుండగా, మరొక ప్రక్క కొందరు రైతులు పొలములో మట్టితోనే చిన్న ఇల్లు కట్టుకొని, కప్పుపై పచ్చిక పెంచవలెనని కోరుచున్నారు. కోరిక మంచిదే. పని కూడ కూలీలు లేకుండ ఇంటిల్లిపాది చేసికొనదగినదే. అయితే పని మొదలు పెట్టుటకు ముందు ఒక్క విషయము మనస్సున నిలుపుకొనవలెను. మట్టి కప్పు క్రింద ఉండువారి ప్రాణములు ఆ కప్పు బరువుపై ఆధారపడి ఉండును.

బరువు లెక్క

తడిసి అణిగిన మన్ను ఘనపు మీటరుకు సుమారు 1,800 కిలోలు తూగును. కావున పది సెంటీమీటర్ల మందమున మన్ను పరచినచో చదరపు మీటరుకు 180 కిలోలు. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల గదిపై అది రెండు టన్నులు దాటును. అదే గదిపై అడుగు మందమున మన్ను ఉన్నచో ఆరున్నర టన్నులు అగును. నిండుగా వడ్లు నింపిన ట్రాక్టరు ట్రాలీని మిద్దెపై నిలిపి, దాని క్రింద పిల్లలను పండుకొనబెట్టినట్లు.

ఇది పాత మిద్దెలున్నవారు ముఖ్యముగా ఆలోచింపవలసిన సంగతి. మిద్దె కురియగానే పైన మరి నాలుగు గంపల చౌడు మన్ను పోయుట వాడుక. పాత మన్ను తీయువారు తక్కువ. ముప్పది, నలుబది ఏండ్లు ఇట్లు జరిగిన మిద్దెపై ఎంత మన్ను చేరినదో ఇంటివారికే తెలియదు. లోపల దూలము గోడలో దిగిన చోట చెదలు తినుచుండును, అది పైకి కానరాదు. ఒక వారము ముసురు పట్టినప్పుడు మన్ను నీరు త్రాగి బరువెక్కును, గోడ నాని మెత్తబడును. ప్రతి వానకాలమునను పాత మిద్దెలు రాత్రివేళ కూలి నిద్రించువారు చనిపోయిన వార్తలు మనము చదువుచునే ఉన్నాము.

1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో భూకంపము వచ్చి వేలమంది మరణించిరి. అక్కడి ఇండ్లు మన మిద్దెలకు దాయాదులే. మట్టితో పేర్చిన రాతి గోడలు, కట్టె దూలములు, పైన మందమైన మట్టి కప్పు. పలు ఇండ్లపై ఆ మన్ను అడుగున్నరకు మించి ఉండెను. గోడ లోపలి వరసను వెలుపలి వరసను కలిపి పట్టు బంధపు రాళ్ళు లేనందున గోడలు రెండుగా చీలిపోగా, కప్పు మొత్తము నిద్రలో ఉన్నవారిపై పడినది. మట్టి యిల్లు చెడ్డదని దీని అర్థము కాదు. బలహీనమైన గోడపై లెక్కలేని బరువు పెట్టరాదని మాత్రమే.

కావున మీకు పాత మిద్దె ఉన్నచో ఈ వేసవిలోనే పైకెక్కి, ఒక మూల గునపముతో త్రవ్వి మన్ను మందము కొలువుడు. అరడుగుకు మించినది దించివేయుడు. దించునప్పుడు ఒక ప్రక్కనే తీయక, రెండు ప్రక్కల సమముగా తీయవలెను. ఇంటిలో ఎవరును ఉండరాదు. దూలముల చివరలను గోడ దగ్గర సన్నని ఉలితో పొడిచి చూడుడు. ఉలి మెత్తగా దిగినచో ఆ దూలమునకు క్రింద పోటు పెట్టి, తరువాత మార్చవలెను. వానలలో కప్పు నుండి మన్ను రాలినను, తలుపు అకస్మాత్తుగా బిగిసినను, కట్టె పెటపెటలాడినను సామాను కొరకు చూడక వెంటనే వెలుపలికి రావలెను.

చౌడు మన్ను, పచ్చిక మన్ను వేరు

మిద్దెపై చౌడు మన్నే ఎందుకు వేసిరి? చౌడు పొలములో నీరు ఇంకక నిలిచియుండుట మీరు చూచినదే. ఆ నేలలోని సోడియము వలన బంకమట్టి రేణువులు విడిపోయి సన్నని రంధ్రములను పూడ్చివేయును. పైరుకు చేటైన ఈ గుణమే మిద్దెకు రక్షణ. జిప్సము వేసి బాగుచేసిన పొలపు మన్ను ఇందుకు పనికిరాదు. జిప్సములోని కాల్షియము ఆ రేణువులను మరల గుంపుగా చేర్చి నీటికి దారి ఇచ్చును.

చౌడుపై గడ్డి సరిగా పెరుగదు. పెరిగినను వేళ్ళు పొరను చీల్చి నీరు దించును. అందుచేతనే మన పెద్దలు మిద్దెపై మొలచిన ప్రతి మొక్కను పెరికివేసెడివారు. పచ్చిక మిద్దె దీనికి తలక్రిందులైన పద్ధతి. అందు మన్ను నీటిని పట్టియుంచవలెను, నీటిని ఆపు పని దాని క్రింద వేరొక పొర చేయవలెను. నార్వే దేశములో శతాబ్దాలుగా ఇండ్ల వాలు కప్పులపై భూర్జ వృక్షపు బెరడును అనేక పొరలుగా పరచి, దానిపై గడ్డితో కూడిన మట్టి పెళ్ళలు పేర్చెడివారు. బెరడు నీటిని ఆపును, పెళ్ళల బరువు బెరడును కదలనీయదు. అక్కడ చలి ఎక్కువ, వాన సంవత్సరమంతయు కొద్దికొద్దిగా పడును. అనంతపురములో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు కొద్ది నెలలలోనే. అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చి ఇక్కడ పెట్టినచో మే నెల నాటికి మిద్దెపై ఎండుగడ్డి మిగులును. ఒక్క నిప్పురవ్వ చాలును.

ఎక్కడ మొదలుపెట్టవలెను

మొదటి పని నివాసగృహముపై చేయరాదు. పనిముట్లు దాచుకొను చిన్న కొట్టు, లోపల మూడు మీటర్లు పొడవు, రెండు మీటర్లు వెడల్పు ఉన్నది, మంచి పాఠశాల. ఒక వానకాలము, ఒక వేసవి అది నిలిచిన పిమ్మట ఇంటి మాట తలపెట్టవచ్చును. మీ ఊరిలో మట్టి గోడలు పెట్టిన వృద్ధులుండిన వారిని పిలిచి దగ్గర కూర్చుండబెట్టుకొనుడు. అడుసు పదును ఎంతవరకు రావలెనో వారి అరికాలికి తెలిసినంతగా ఏ పుస్తకమునకును తెలియదు. పూతపని, అలుకుపని విషయమున ఇంటి ఆడవారి మాట వినుట మేలు.

మన్ను ఎంచుట ముందు నేర్వవలెను. పైనున్న జానెడు సారవంతమైన మన్ను చేనుకు విడిచి, దాని క్రింది ఎర్రమన్ను తీయుడు. గాజు సీసాలో మూడవ వంతు మన్ను పోసి, నీరు నింపి, బాగుగ కుదిపి నిలుపుడు. ఇసుక ఒకటి రెండు నిమిషములలో అడుగు చేరును, ఒండ్రు కొన్ని గంటలలో దానిపై దిగును, బంకమట్టికి ఒక రోజు పట్టును. ఏది ఎంత మందమున్నదో సీసా ప్రక్కనుండియే కనబడును. తడి మన్నును వ్రేలి మందము త్రాడుగ చేసి బల్ల అంచు మీదుగా మెల్లగా జరుపుడు. ఐదు సెంటీమీటర్ల లోపుననే తెగిన ఇసుక ఎక్కువ, జానెడు దాటినను తెగకున్న బంక ఎక్కువ. నడుమ తెగినది గోడకు తగును. నల్లరేగడి ఒక్కటే వాడరాదు. అది తడిసి ఉబ్బి, ఎండి బీటలు వారునని మీకు వేరుగ చెప్పవలెనా?

ఈ పరీక్షలకంటె నమ్మదగినది ఇటుక పరీక్ష. ఒకే మన్నుతో నాలుగైదు చిన్న ఇటుకలు చేయుడు. ఒకదానిలో ఇసుక కలపక, మిగిలినవానిలో క్రమముగా హెచ్చించి, నీడలో వారము రోజులు ఆరబెట్టుడు. పగుళ్ళు లేనిది, గోటితో గీచిన పొడి రాలనిది మీ పాలు.

గోడ

పునాది, నేలపై రెండడుగుల ఎత్తు వరకు గోడ రాతితో కట్టవలెను. మట్టి గోడకు పాదము తడియుటయే మొదటి శత్రువు. మన్నులో నీరు పోసి రాత్రంతయు నాననిచ్చి, మరునాడు జానెడు ముక్కలుగా నరికిన వరిగడ్డి చల్లి త్రొక్కవలెను. ముద్దను పైకి ఎత్తి వేసిన పరచుకొనక నిలిచిన పదును వచ్చినట్లు. గోడ మందము 45 సెంటీమీటర్లు. ఒక వరస 45 సెంటీమీటర్లకు మించి ఎత్తు పెట్టక, అది ఆరి గట్టిపడిన పిమ్మటనే మీది వరస వేయవలెను. తొందరపడి ఒకే రోజు రెండు వరసలు పెట్టినచో క్రిందిది కడుపు వచ్చి బయటికి పొంగును. గోడ తలపై నాలుగు వైపుల కట్టె పట్టెలు పరచి, మూలలలో ఒకదానితో ఒకటి బిగింపవలెను. కప్పు బరువు ఒక్కచోట పడక గోడ అంతటికి పంచుటకు, గోడలు విడిపోకుండుటకు ఇదే ఆధారము. తరువాత నెల రోజులైనను ఆరనీయుడు.

కప్పు

ఇక్కడ మరల లెక్క. లోపలి కొలత ఆరు చదరపు మీటర్లే. గోడల మందము చేర్చిన పదకొండు దాటును. వాన గోడకు కొట్టకుండ చుట్టును రెండడుగుల చూరు విడిచిన ఇరువదియొక్క చదరపు మీటర్లగును. కప్పంతయు పది సెంటీమీటర్ల మన్ను పోసిన దాదాపు 3,800 కిలోలు. కావున పచ్చిక మన్ను గోడ వెలుపలి అంచు వరకే పోసి, చూరుపై పలుచని నాపరాళ్ళు పరచుట మేలు. అప్పుడు మన్ను బరువు రెండు టన్నులకు దిగును.

దూలములు రెండు మీటర్ల వెడల్పుకు అడ్డముగా వేయవలెను. చేవగల వేప, టేకు కట్టె 12 సెంటీమీటర్ల మందమునకు తగ్గరాదు, 45 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఉండవలెను. ఇంతకంటె వెడల్పైన గదికి ఈ కొలతలు చెల్లవు. ఇంజనీరును అడుగవలెను. దూలములపై పలకలు గాని దగ్గరగా పేర్చిన వెదుళ్ళు గాని వేసి, మీటరుకు ఐదు సెంటీమీటర్ల వాలు ఉంచి, సన్నని మట్టితో చదును చేయుడు.

మన్ను పోయుటకు ముందు కప్పును పరీక్షింపవలెను. ఈ పని ఎవరును మానరాదు. 50 కిలోల ఇసుక సంచులు నలుబది కప్పుపై సమముగా పేర్చి మూడు రోజులు ఉంచుడు. దూలము క్రింద ఒక చివరనుండి మరొక చివరకు త్రాడు బిగించి, సంచులకు ముందు, తరువాత నడుమ ఎంత వంగినదో కొలువుడు. వంపు 8 మిల్లీమీటర్లు దాటినను, దినదినము పెరుగుచున్నను దూలములు చాలవు. కొలుచునప్పుడు తప్ప క్రింద ఎవరును నిలువరాదు.

నీటిని ఆపుటకు పొలపు నీటి కుంటలలో పరచు 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు చాలును. అతుకులేని ఒకే ముక్క తీసికొనుడు. షీటు క్రింద, పైన పాత గోనెలు పరచినచో రాళ్ళు గ్రుచ్చుకొనవు. ఇప్పుడు అరరోజు గొట్టముతో నీరు పారించి, లోపలి నుండి చూడుడు. ఒక్క చుక్క దిగినను ఇప్పుడే తెలియును. మన్ను పోసిన తరువాత వెదకుట అసాధ్యము. అంచుల వెంట జానెడు వెడల్పున కంకర పోసి, నీరు పోవుటకు తూములు విడువవలెను. తూము మూసుకొనిన నీరు నిలిచి బరువు పెరుగును. ఆ తరువాతనే ఎర్రమన్ను, ఇసుక, చివికిన ఎరువు కలిపి పది సెంటీమీటర్లు పరచుడు. ఎరువు హెచ్చైనచో కలుపు బలియును.

ఏ మొక్కలు?

గరిక మన దేశపు గడ్డి. వేసవిలో ఎండినను తొలకరికి మరల లేచును. నడుమ గంగపావిలి కూర నాటినచో వేళ్ళు పైపైననే ఉండును, ఇంటికి కూరయు దొరకును. కప్పుపై రావి, మర్రి, వేప మొలకలు కనబడిన వెంటనే పెరుకవలెను. ఫిబ్రవరిలో గడ్డిని మొదలంటకోసి పశువులకు వేయుడు. ఎండుగడ్డి కప్పుపై మిగులరాదు. వేసవిలో పచ్చగా ఉండవలెనని బోరు నీరు ఎక్కించుట మాత్రము తగదు. చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరియగును. ఆ నీరు పశువులకు, చెట్లకు కావలెను. వంటయింటి కడుగునీరు మిగిలిన చల్లుడు, లేకున్న ఎండనిండు. పచ్చిక ఎండినను పది సెంటీమీటర్ల మన్ను సూర్యుని వేడిని ఆపుచునే ఉండును.

సంక్రాంతి వెళ్ళిన పిమ్మట గోడ మొదలుపెట్టిన మే నెలకు కప్పు పూర్తియగును. గరికను తొలకరి వానతో నాటవలెను. మొదటి పెద్ద వాన మరునాడు, మరల నవంబరు ముసురు తరువాత లోపలికి పోయి తడి మచ్చలు చూడుడు, తూములు శుభ్రము చేయుడు, దూలముల క్రింద త్రాడు కట్టి వంపు కొలిచి ఒక పుస్తకములో తేదీతో వ్రాసికొనుడు.