ఇంటిలో ఉండే హక్కు

ఆడపిల్లకు పుట్టిల్లు, మెట్టినిల్లు అని రెండిండ్లున్నవని పెద్దలంటారు. వానిలో ఏ యింటి దస్తావేజులో ఆమె పేరున్నదని అడిగితే మాత్రం అనేక కుటుంబాలలో సమాధానం దొరకదు. ఇంట నివసించడం వేరు, నివసించే హక్కు వేరు, యాజమాన్యం మరొకటి. ఈ భేదాన్నే మేమిక్కడ వివరింపదలచినాము.

వివాహానంతరం ఎవరు ఎవరి యింటికి వెళతారనే ఆచారంపై ఈ విషయం చాలవరకు ఆధారపడి ఉన్నది. పశ్చిమ సుమత్రాలోని మినాంగ్‌కబావు జాతివారు ముస్లిములు. అయినా ‘రూమా గదాంగ్’ అనే వారి పెద్ద యిల్లు తల్లి నుండి కుమార్తెలకు సంక్రమిస్తుంది. అల్లుడక్కడ అతిథివంటివాడు. ఎదిగిన మగపిల్లలు పూర్వం ప్రార్థనామందిరంలో నిద్రించేవారు. మేఘాలయలోని ఖాసీలలో తల్లిగారి యిల్లు కడగొట్టు కుమార్తెది. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ, కుటుంబ కర్మల బాధ్యత కూడ ఆమెవే. ఆ యిల్లు అమ్మవలెనంటే మేనమామల మాట దాటరాదు. కనుక దీనిని స్త్రీరాజ్యమని వర్ణించేవారు కొంత తొందరపడుతున్నారనే మా అభిప్రాయం.

తెలుగునాట కోడలు అత్తవారింటికి రావడం ఆచారం. చట్టమూ చాలకాలం ఆ ఆచారాన్నే అనుసరించింది. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో కుమార్తెకు వాటా ఇచ్చింది గాని, 23వ సెక్షను ఆమెను నివాసగృహం గడపవద్ద ఆపివేసింది. కుటుంబం కాపురమున్న ఇంటిని, సోదరులు తాముగా పంచుకొనదలచేవరకు ఆమె విభజింపుమని కోరరాదు. పోనీ, నివసింపవచ్చును గదా అంటారా? ఆ హక్కు అవివాహితకు, వితంతువుకు, భర్త విడిచిన లేక భర్తనుండి వేరుపడిన స్త్రీకి మాత్రమే. కాపురం చేసుకొంటున్న కుమార్తెకు వాటా ఉన్నది, తలదాచుకొనే హక్కు లేదు! ముందు కాపురం చెడవలె, తరువాత గాని పుట్టింటి తలుపు తెరచుకోదు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనం, అంతకు ముందే వివాహమైనవారిని మినహాయించి, కుమార్తెలను ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానులను చేసింది. 23వ సెక్షను మాత్రం 2005లో గాని తొలగలేదు.

ఆ సంవత్సరమే వచ్చిన గృహహింస చట్టం మెట్టినింటి సంగతి పట్టించుకొన్నది. ఇల్లు ఎవరి పేరనున్నా, కాపురమున్న ఇంటినుండి భార్యను చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టరాదు. అత్తమామల సొంత యింటికి ఇది వర్తించదని సుప్రీంకోర్టు 2006లో అన్నది. 2020లో ఆ తీర్పు సరికాదని తానే త్రోసిపుచ్చింది. అయితే ఇది నివాసహక్కే, యాజమాన్యం కాదు.

పంపకాలవేళ చీరసారెలు పెట్టి, హక్కు విడుదల దస్తావేజుపై అక్కచెల్లెండ్రచేత సంతకాలు చేయించుకోవడం మన ఊళ్లలో కొత్త కాదు. రిజిస్టరైన ఆ కాగితంతో వాటా సోదరులదవుతుంది. మోసమో బలవంతమో రుజువైతే తప్ప దానిని తిరుగదోడడం కష్టం. సంతకానికి ముందు ఆ కాగితాన్ని పూర్తిగా చదివించుకొని వినడానికి ఏ సోదరుని అనుమతీ అక్కరలేదు.