జోనంగి కుక్క: జాతిని నిలుపు విధము

కేతేపల్లి చుట్టుపట్ల గొర్రెల మందల వెంట కుక్కలు నడచుట రైతు సోదరులు ఎరిగినదే. అవి నమ్మకమైనవే గాని, వానిలో ఏ రెంటికిని పోలిక కుదరదు. తల్లిదండ్రుల రూపము, గుణము పిల్లలలో తరతరములు తప్పక వచ్చినపుడే దానిని జాతి యందురు. మన నల్లమలలోని పొడ తూర్పు పశువులను కర్నాలులోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ జాతిగా నమోదు చేసినది ఈ లెక్కననే. కుక్కలలో ఆ సంస్థ మొట్టమొదట రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ అను మూటిని నమోదు చేసినది.

తెలుగు నేలపై అట్టి నమోదునకు తగిన కుక్క జోనంగి. ఇది కొల్లేరు పరిసరములలోను, కోస్తా జిల్లాలలోను కనిపించును. వెంట్రుక మిక్కిలి పొట్టి, నుదుట ముడతలుండును. మొరుగుట తక్కువ, సాగదీసి కూయును. మట్టి త్రవ్వి గుంటలో పండుకొనును. పూర్వము కొల్లేటి రైతులు బాతుల మందలను తోలుటకు దీనిని పెంచిరి. చేపల చెరువులు వచ్చి బాతులు తగ్గగా కుక్కకు పని పోయినది. పని లేని జాతికి తిండి పెట్టువారు అరుదు. మిగిలినవి ఊరకుక్కలతో కలిసి రెండు మూడు తరములలో రూపు మాసిపోవును.

ముధోల్ కుక్కకు ఇట్టి గతి పట్టకపోవుటకు కారణము కలదు. ముధోల్ సంస్థానాధిపతి మాలోజీరావు ఘోర్పడే వానిని శ్రద్ధతో పెంచి, ఒక జంటను అయిదవ జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చెను. తరువాత బీదరు పశువైద్య విశ్వవిద్యాలయము ఆ తాలూకాలోని తిమ్మాపురములో పరిశోధన కేంద్రము నెలకొల్పినది. జోనంగికి రాజు లేడు. అయినను నలుగురైదుగురు రైతులు కలిసిన ఈ పని మన జిల్లాలలోను సాగును.

అందరును చేయు పొరపాటు ఒకటి గలదు. మంచి మగకుక్క ఒకటి దొరకగానే ఊరిలోని ఆడకుక్కల నన్నిటిని దానితోనే కలుపుదురు. లెక్క చూడుడు. మగవాని సంఖ్యను ఆడవాని సంఖ్యతో గుణించి, నాలుగింతలు చేసి, మొత్తము సంఖ్యతో భాగింపవలెను. ఒక మగ, పది ఆడ యున్నచో వచ్చునది 3.6 మాత్రమే. అనగా పదునొకండు కుక్కలున్నను, జాతి బలము నాలుగింటికి తక్కువ! అయిదు మగ, అయిదు ఆడ యున్నచో 10 వచ్చును. కావున ఒక్కొక్కరు ఒక్కొక్క మగకుక్కను వేరు వేరు ఊళ్ల నుండి తెచ్చి పెంచుట మేలు. తండ్రిని కూతురితో కలిపిన పిల్లలలో రక్తసామీప్యము నూటికి 25 పాళ్లు; పినతండ్రి, పెదతండ్రి బిడ్డలను కలిపినచో 6.25. సామీప్యము పెరిగిన కొలది ఈతకు పిల్లలు తగ్గుట, పుట్టినవి చచ్చుట ఎక్కువగును.

పల్లెలో అసలు కష్టము ఎదకాలము. ఆడకుక్క సుమారు మూడు వారములు ఎదలో నుండును. ఆ దినములలో తలుపు వేసి కాపాడవలెను. వట్టి గొలుసు చాలదు, ఊరకుక్కలు గొలుసు దగ్గరకే వచ్చును. ఒకే ఈతలో పిల్లలకు వేర్వేరు తండ్రులుండుట కలదని చాలమందికి తెలియదు. చూడికాలము సుమారు 63 దినములు.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము, అమ్మకమునకు కుక్కలను పెంచువారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావలెను. ఆడకుక్కకు 18 మాసములు నిండక కలుపరాదు. ఏడాదికి ఒక ఈత, జీవితమున అయిదు ఈతలు మించరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పంచాయతీ కార్యదర్శులు ఈ సంగతి గ్రామములో తెలియజేయవలెను.

ఇక ప్రదర్శనలు. అక్కడ న్యాయనిర్ణేత చూచునది అందము కాదు, జాతి లక్షణమునకు కుక్క ఎంత దగ్గరగా నున్నదను సంగతి. జోనంగికి బహుమతి కన్న, పది కుక్కలు ఒక్కచోట చేరి కొలతలు తీసికొనుటయే లాభము. పశు ప్రదర్శనలలో నాటు కుక్కలకొక వరుస ఇమ్మని పశువైద్యాధికారిని కోరుడు. అయితే గెలిచిన కుక్క చుట్టు జనము మూగుదురు. పైన చెప్పిన లెక్క అప్పుడే మరువరాదు. కుందేళ్ల వేటలో కుక్క సత్తా చూపుట మాత్రము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము.

ఒక పుస్తకము పెట్టుడు. అందులో ప్రతి పిల్లకు తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, ఎత్తు, రంగు, మూడు మాసములకు వేసిన రేబిస్ టీకా, కొన్నవారి ఊరు వ్రాసి యుంచుడు. పిల్లతో పాటు ఆ పుట నకలును కొన్నవారికి ఇయ్యవలెను.