ఖాకీ చొక్కా కోళ్ల దొర

అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రం, స్ప్రింగ్‌డేల్ పట్టణం. 1930ల మాంద్యంలో జాన్ టైసన్ అనే ఆయన ట్రక్కులో కోళ్లు వేసుకుని షికాగో దాకా తోలి అమ్మాడు. కొడుకు డాన్ 1952లో చదువు మధ్యలో వదిలి వ్యాపారంలో దిగాడు. 1958లో కోళ్లు కోసే ఫ్యాక్టరీ లేచింది. 1967లో తండ్రి ప్రమాదంలో పోగా పెత్తనం డాన్‌కు వచ్చింది. పోటీ కంపెనీలను ఒక్కొక్కటే మింగాడు. 1989లో హోలీ ఫార్మ్స్‌ను కూడా. 1995లో ఛైర్మన్ పదవి దిగేనాటికి ఆ దేశంలో అతి పెద్ద కోళ్ల కంపెనీ టైసన్‌దే.

ఈ దొర కూలీల్లాగే ఖాకీ చొక్కా మీద పేరు కుట్టించుకుని ఆఫీసుకొచ్చేవాడు. బట్టలు ఒకటైతే బతుకులు ఒకటవుతాయా?

పిల్ల కంపెనీది, మేత కంపెనీది, పెరిగిన కోడీ కంపెనీదే. మరి రైతుదేమిటి? షెడ్డు, దానిమీది అప్పు, కరెంటు బిల్లు, రాత్రింబవళ్లు చాకిరీ! పైగా పక్క రైతుతో పోల్చి, మేత ఎక్కువైందని ప్రతిఫలం కోస్తారు. ఫ్యాక్టరీలో గొలుసుకు వేలాడే కోళ్ల వేగానికి కత్తి పట్టిన చెయ్యి ఆడాల్సిందే. మణికట్లు వాచిపోతాయి.

ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకు అనుకోవద్దు. మన జిల్లాల్లోనూ కంపెనీలు పిల్లలు, మేత ఇచ్చి కిలోకింతని పెంపకపు కూలి కడుతున్నాయి. సంతకం పెట్టేముందు అడగండి: కోళ్లు చస్తే నష్టం ఎవరిది? పిల్లలు వెయ్యకపోతే షెడ్డు అప్పు ఎవరు కడతారు? ఒక్కడు అడిగితే వాడి షెడ్డుకు పిల్లలు ఆపేస్తారు. ఊరి పెంపకందార్లంతా కలిసి అడిగితే ఎందరికి ఆపగలరు?