పిడికెడు గింజలు.. లక్షల కోట్ల లెక్కలు!

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో లారీ ఆగింది. కందిపప్పు బస్తాలు దిగాయి. కొనే ఆసామి అన్నిటి మూతులూ విప్పుతాడా? ఛ! మొన ఉన్న ఇనుప గొట్టాన్ని గోనెసంచిలో కసుక్కున గుచ్చుతాడు, బయటికి లాగుతాడు, అరచేతిలో పోసుకుంటాడు, బొటనవేలితో అటూ ఇటూ చెదరగొడతాడు, ధర చెప్పేస్తాడు. శాంప్లింగ్ అంటూ స్టాటిస్టిక్స్ పుస్తకాలు పేజీలకు పేజీలు రాసింది ఈ మచ్చు గురించే!

మీకు తెలుసా? 50 బస్తాల్లోంచి ఏవైనా 5 తీసి చూడమంటే ఎన్ని రకాలుగా తీయొచ్చో? అక్షరాలా 21,18,760 రకాలుగా! సెకనుకో రకం చొప్పున, తిండీ నిద్రా మాని లెక్కపెట్టినా 24 రోజులు దాటిపోతుంది. పప్పుకు పురుగు పట్టినా ఆశ్చర్యం లేదు!

అదే 100 బస్తాల్లోంచి 10 అయితే? 17 లక్షల కోట్ల రకాలకు పైగా! ఇప్పుడు సెకనుకో రకం లెక్కపెట్టండి చూద్దాం. 5 లక్షల ఏళ్లు దాటుతుంది. లారీ డ్రైవరు అంతసేపు ఆగుతాడా?

ఇన్ని రకాల మచ్చుల్లో ఒక్కోదానికి ఒక్కో సగటు వస్తుంది కదా. ఆ సగటులన్నీ ఒకచోట పోగేస్తే కనిపించే ఆకారమే శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్. డిగ్రీ కుర్రకారును హడలగొట్టే పేరు. లోపల ఉన్నది మాత్రం సగటుల పోగు, అంతే!

నమ్మకం కుదరలేదా? వేళ్ల మీద తేల్చేద్దాం. నాలుగే బస్తాలు. కిలో పప్పులో వరసగా 2, 4, 6, 8 గ్రాముల మట్టిగడ్డలు. అసలు సగటు 5. ఇప్పుడు రెండేసి బస్తాలు తీయండి. మొత్తం ఆరు జతలు. వాటి సగటులు 3, 4, 5, 5, 6, 7. ఈ ఆరూ కూడి ఆరుతో భాగించండి. ఎంతొచ్చింది? సరిగ్గా 5! ఒక్కో మచ్చు విడివిడిగా తప్పు చెప్పొచ్చు. అన్నీ కలిస్తే పొల్లుపోకుండా నిజం చెబుతాయి. ఇంకో తమాషా చూశారా? 3 ఒక్కసారే వచ్చింది, 7 ఒక్కసారే, నడిమి 5 మాత్రం రెండుసార్లు. నాలుగు బస్తాలతోనే మధ్యలో గుట్ట లేచేసింది!

మీకు తెలుసా? మచ్చు కాస్త పెద్దదైతే చాలు, సరుకు ఎంత వంకరటింకరగా ఉన్నా సగటులన్నీ చేరి గంట ఆకారం కట్టేస్తాయి. దీన్నే సెంట్రల్ లిమిట్ థీరమ్ అంటారు. దీని మొదటి తీగను 1733లోనే ద మోవర్ లాగాడు. ఇప్పుడున్న పేరు పెట్టింది మాత్రం పోల్యా అనే గణితవేత్త, 1920లో. అదే 1920లో మన ఉస్మాన్‌సాగర్ జలాశయం పూర్తయింది. అదే 1920లో ఈ శాస్త్రాన్ని ఏలబోయే తెలుగుబిడ్డ ఒకరు పుట్టారు. ఆయన దగ్గరికి వస్తాం, కాస్త ఆగండి!

ఇంతకీ ఈ సగటుల పోగును చేత్తో పోసి చూసిన ఘనుడు ఎవరు? యూనివర్సిటీ ప్రొఫెసరా? కాదు, డబ్లిన్‌లో బీరు కంపెనీ ఉద్యోగి! పేరు గాసెట్. గిన్నెస్ కంపెనీ వాళ్లు తమ ఉద్యోగులను సొంత పేరుతో పరిశోధనలు అచ్చు వేసుకోనిచ్చేవారు కాదు. అందుకే ‘స్టూడెంట్’ అని సంతకం పెట్టాడు. ఇప్పటికీ లోకంలో స్టాటిస్టిక్స్ చదివే స్టూడెంట్లందరూ పరీక్షల్లో రాసేది ఆ స్టూడెంట్ పేరే!

ఆ బీరుబాబు దేనితో లెక్కలు కట్టాడో మీకు తెలుసా? 3,000 మంది ఖైదీల ఎత్తులు, వాళ్ల ఎడమచేతి నడిమివేళ్ల పొడవులు! ఆ కొలతలు అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున తీశాడు. 750 మచ్చులు తేలాయి. జైలు వేళ్లే స్టాటిస్టిక్స్‌కు వేళ్లయ్యాయి!

ఆ పరిశోధన అచ్చయిన ఏడాది 1908. హైదరాబాదీలకు ఆ అంకె చెబితే చాలు, ఉలిక్కిపడతారు. అదే ఏడు సెప్టెంబరు 28న మూసీ ఉగ్రరూపం దాల్చి అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల ప్రాంతాన్నంతా ముంచెత్తింది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మాన్‌గంజ్‌కు కూతవేటు దూరమే!

గాసెట్ ముక్క ముక్క తీసి 750 దగ్గర ఆగాడు. మరి ఇప్పుడు? అమెరికాలోని రైస్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ లేన్ బృందం ఇంటర్నెట్‌లో ఒక బొమ్మలాట పెట్టింది. మౌస్‌తో మీ ఇష్టమొచ్చిన వంకర ఆకారం గీసి, 10,000 అన్న బటన్ నొక్కండి. రెప్ప వేసేలోగా పదివేల మచ్చులు, పదివేల సగటులు, ఎదురుగా గంట! ఖాన్ అకాడమీ వీడియో పాఠంలో సల్మాన్ ఖాన్ నొక్కి చూపించింది ఈ బటన్నే. ఆ సల్మాన్ కాదండోయ్, ఈయన లెక్కల సల్మాన్!

మీకు తెలుసా? ఈ సల్మాన్ ఖాన్ 2004లో బంధువుల అమ్మాయికి దూరం నుంచి లెక్కలు చెప్పడంతో ఈ కథ మొదలైంది. 2006లో ఆ పాఠాలు యూట్యూబ్ ఎక్కాయి. ఎదురుగా చెప్పే ఖాన్ కంటే వీడియో ఖానే నయమని బంధువుల పిల్లలే తేల్చేశారట! వీడియోను ఎన్నిసార్లు ఆపినా విసుక్కోదు కదా. నల్లటి తెర, రంగురంగుల చేతిరాత, ఒక గొంతు. ముఖం కనబడదు, అర్థం మాత్రం కనబడుతుంది!

యూట్యూబ్‌లో పడ్డ మొట్టమొదటి వీడియో నిడివి ఎంతో తెలుసా? 19 సెకన్లు. 2005 ఏప్రిల్ 23. జూలో నిలబడి ఏనుగుల తొండాలు భలే పొడుగని చెప్పడం, అంతే సంగతి. ఆ తొండం ఇప్పుడు ఎంత పొడుగు సాగిందో చూడండి!

పాట పాడి స్టాటిస్టిక్స్ మొదలుపెట్టే గురువును చూశారా? జోష్ స్టార్మర్. ఛానల్ స్టాట్‌క్వెస్ట్. నార్త్ కరోలినా యూనివర్సిటీలో తోటి ఉద్యోగులకు అర్థమయ్యేలా చెప్పాలని మొదలుపెట్టాడు. ముందు చిన్న వింత పాట, చివర అర్థమయ్యాక ‘బామ్!’ అని కేక. ఇంకా బాగా అర్థమైతే ‘డబుల్ బామ్!’

3బ్లూ1బ్రౌన్ అన్న ఛానల్‌కు ఆ పేరెలా వచ్చిందో మీకు తెలుసా? దాన్ని నడిపే గ్రాంట్ శాండర్సన్ కుడికంట్లో రంగుల వాటా అది! మూడొంతులు నీలం, ఒక వంతు గోధుమ. సెంట్రల్ లిమిట్ థీరమ్‌పై 2023లో ఆయన చేసిన వీడియోలో మేకుల మీదుగా గోళీలు జారి, ఎవరూ చెప్పకుండానే గంటలా పేరుకుంటాయి. కళ్లప్పగించి చూడాల్సిందే!

మన దగ్గర మాటేమిటి? ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే వీడియో పాఠాల ఎన్‌పీటీఈఎల్ 2003 నుంచే ఉంది. అంటే యూట్యూబ్ కంటే రెండేళ్లు పెద్దది! స్వయం వేదిక 2017లో వచ్చింది. తెలంగాణలో టీ-శాట్‌కు ‘విద్య’, ‘నిపుణ’ అని రెండు ఛానళ్లు. బీకాంలో బిజినెస్ స్టాటిస్టిక్స్ తగిలిన గంజ్ కుర్రాడు గల్లాపెట్టె పక్కన కూర్చునే ఐఐటీ పాఠం వినేయొచ్చు. ఫీజు? సున్నా!

ఇక ఆ 1920 బిడ్డ. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్.రావు. సెప్టెంబరు 10న హూవిన హడగలిలో తెలుగింట పుట్టారు. ఎనిమిదో సంతానం. దేవకికి ఎనిమిదోవాడు కృష్ణుడు కనుక ఈయనకూ కృష్ణుడి పేరే! గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖ.. తండ్రి బదిలీలతో బడులు మారుతూనే ఉన్నాయి. తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి నూనెదీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టేవారు. అలారం మోగని రోజుల్లో అమ్మే అలారం!

ఆయన స్టాటిస్టిక్స్‌లోకి ఎలా వచ్చారో మీకు తెలుసా? ఉద్యోగం రాక! ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ముగించి, సైన్యం సర్వే విభాగంలో కొలువు కోసం కలకత్తా వెళ్లారు. ఇరవై ఏళ్లవాడివి, చిన్నవాడివన్నారు. బస చేసిన హోటల్లో ఒకాయన పరిచయమై, తాను స్టాటిస్టిక్స్ శిక్షణకు వచ్చానన్నాడు. రావుగారు ఆ సంస్థను చూడ్డానికి వెళ్లారు, 1941 జనవరి 1న అందులోనే చేరారు. మహలనోబిస్ 1931లో పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అది. ఆ ఇంటర్వ్యూ చేసినవాళ్లకు మనం దండం పెట్టాలి!

ఒక్క రాత్రిలో పుట్టిన సూత్రం ఏదో తెలుసా? క్రామర్-రావు హద్దు. పాఠం చెబుతుంటే దాండేకర్ అనే విద్యార్థి లేచి, పెద్ద మచ్చులకు చెప్పిన మాట చిన్న మచ్చులకూ రుజువు చేయగలరా అన్నాడు. రావుగారు రాత్రంతా కూర్చున్నారు, మర్నాడు రుజువుతో క్లాసుకొచ్చారు. మచ్చు నుంచి నిజాన్ని పక్షపాతం లేకుండా అంచనా కట్టడంలో, ఎవరు ఎంత తెలివిగా కట్టినా, ఇంతకంటే గురి కుదరదని గీత గీసే సూత్రమిది. 1945లో అచ్చయింది. అప్పుడాయన వయసు పాతిక లోపే. అంత గొప్ప ప్రశ్న వేసిన విద్యార్థికీ ఒక చప్పట్టు కొట్టండి!

1946లో కేంబ్రిడ్జి పిలిచింది. ఎందుకు? సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పాతకాలపు అస్థిపంజరాలను కొలవడానికి! అక్కడే గణాంకవేత్త ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ, ఫిషర్ ల్యాబ్‌లో ఎలుకల క్రోమోజోముల పని. ఓ పక్క ఎముకలు, మరో పక్క ఎలుకలు, 1948కల్లా చేతిలో డాక్టరేట్!

అత్యంత ఆలస్యంగా వచ్చిన బహుమతుల్లో దీన్ని మించింది ఉందా? 1945లో రాసిన వ్యాసం తదితర కృషికి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్. 78 ఏళ్ల తర్వాత! ఆ ఏడు ఆగస్టు 22న, 103వ పుట్టినరోజుకు మూడువారాల లోపే ఉండగా, ఆయన వెళ్లిపోయారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరిట ఓ పరిశోధన సంస్థ ఉంది, ఆ పక్కన రోడ్డుకూ ఆయన పేరే. ఆ రోడ్డు మీద రోజూ ట్రాఫిక్‌లో చిక్కుకునేవారిలో ఎంతమందికి తెలుసు? వెయ్యిమందిని అడిగితే తేలిపోదూ!

కిరాణా వ్యాపారులు చెవి ఒగ్గాల్సిన ముచ్చట ఇప్పుడొస్తోంది. ఉప్పుతో జనాభా లెక్కపెట్టొచ్చని మీకు తెలుసా? 1947. దేశ విభజన అల్లర్లలో తలదాచుకోవడానికి ఢిల్లీ ఎర్రకోటలోకి వేలాది మంది వచ్చారు. లోపలికి వెళ్లి తలలు లెక్కించే వీల్లేదు. తిండి సరఫరా చేసే కాంట్రాక్టరు బిల్లులు మాత్రం కొండెక్కుతున్నాయి. గణాంక నిపుణులు ఆ బిల్లులే తెప్పించారు. మనిషికి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు కావాలో తెలుసు. బియ్యంతో భాగిస్తే జనం బోలెడు. ఉప్పుతో భాగిస్తే చాలా తక్కువ! ఎందుకు? బియ్యం ఖరీదు, పెంచి రాస్తే లాభం. చవక ఉప్పును పెంచి రాస్తే ఏం మిగులుతుంది? ఉప్పు చెప్పిన లెక్కే నిజానికి దగ్గరని తేలింది. సి.ఆర్.రావు తన పుస్తకంలో ఈ ఉదంతాన్ని ఎంతో ముచ్చటగా చెప్పారు. ఉప్పు తిన్న లెక్క తప్పుతుందా!

మచ్చులో వచ్చే తేడా సగానికి తగ్గాలంటే మచ్చు రెట్టింపు చేస్తే చాలా? చాలదు! నాలుగు రెట్లు చేయాలి. పదో వంతుకు తగ్గాలంటే వంద రెట్లు. ఉస్మాన్‌గంజ్‌లో ఎంత గట్టిగా బేరమాడినా ఈ రేటు మాత్రం పైసా దిగదు!

మీకు తెలుసా? లాటరీ తీసినట్టు ఎంచుకున్న వెయ్యిమందిని అడిగితే, వచ్చే శాతం నూటికి 95 సార్లు అసలుకు సుమారు 3 శాతం అటూఇటూలోనే ఉంటుంది. హైదరాబాద్ మొత్తానికీ అదే వెయ్యి, దేశం మొత్తానికీ అదే వెయ్యి! జనం పెరిగితే మచ్చూ పెరగాలనుకునేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి, నోరు తెరుస్తారు!

140 కోట్ల మంది నెలకు ఎంత ఖర్చుపెడుతున్నారో 2022-23లో సర్కారు ఎన్ని ఇళ్లను అడిగి తేల్చిందో తెలుసా? 2,61,746. మీ ఇంటికి రాలేదా? బాధపడకండి, దేశంలో దాదాపు ఎవరింటికీ రాలేదు!

మరి మచ్చు పెద్దదైతే నిజం పక్కాయేనా? 1936 అమెరికాను అడగండి. లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి ఓటు కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ గెలుపు ఖాయమంది. తీరా చూస్తే రూజ్‌వెల్ట్ 46 రాష్ట్రాలు ఊడ్చేశాడు, లాండన్‌కు దక్కింది రెండు! సుమారు 50 వేల మందితోనే సర్వేలు చేసే గాలప్ విజేతను పట్టేశాడు. కార్లూ ఫోన్లూ ఉన్నవాళ్ల జాబితాలు చూసి పంపడమే డైజెస్ట్ కొంప ముంచింది. 1938లో పత్రికే మూతపడింది!

బస్తా పైపొర మంచిగింజను చూసి మోసపోవడమూ ఇలాంటిదే. గొట్టం అడుగుదాకా దిగాలి, గుచ్చే బస్తా ఏదో అమ్మేవాడు చూపించకూడదు, కొనేవాడి కన్నూ ఎంచకూడదు. మరెవరు ఎంచాలి? అంకెలు! 1927లో టిప్పెట్ అనే ఆయన జనాభా లెక్కల నివేదికల్లోంచి 41,600 అంకెలు ఏరి, వరసా వావీ లేకుండా పుస్తకంగా అచ్చేయించాడు. 1955లో ర్యాండ్ సంస్థ దాన్ని మించి 10 లక్షల అంకెల పుస్తకం తెచ్చింది. కథ లేదు, మాటలు లేవు, పేజీల నిండా అంకెలే. తర్వాత ఏం వస్తుందో చివరిదాకా ఎవరికీ అంతుచిక్కదు. ఇంతకు మించిన సస్పెన్స్ నవల ఉంటే చెప్పండి!