జంపఖానా మీద జుట్టు రంగు

జుట్టుకు వేసుకునే రంగు గురించి మన పత్రికలో రాయడమేమిటని కొందరు పెద్దలు నవ్వుకోవచ్చు. రంగు వేసుకోవడం గురించి కాదు, ఆ రంగు తల మీద కాక కింద పరచిన దాని మీద పడితే ఏం చేయాలన్నది నా విషయం. ముంబయిలో ఒంటిగది సంసారాలు చేసినవారికి ఇది చిన్న సంగతి కాదని తెలుసు. పడక, వంట, పూజ, పిల్లల చదువు, చుట్టాలు వస్తే కూర్చోబెట్టడం, తలకు రంగు, అన్నీ ఆ ఒక్క గదిలోనే.

నేను పుట్టింది కామాఠీపురాలో. ఆ పేరు చెప్పగానే ఎదుటివారి ముఖం మారిపోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బడిలో ఎక్కడుంటావని అడిగితే నాగ్‌పాడా అని చెప్పమని మా అమ్మ నేర్పింది. కాని ఆ పేరు వచ్చింది మనవాళ్ళ వల్లనే. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం ఇలాకా ఊళ్ళ నుంచి వచ్చి, ఈ నగరంలో రోడ్లు వేసి, రాళ్ళు మోసి, ఇళ్ళు కట్టిన కామాఠీలు కాపురమున్న చోటు గనుక కామాఠీపురా అయింది. మిగతాదంతా తర్వాత వచ్చి చేరింది. మా అవ్వ ఆ గల్లీలోనే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేది, దసరా ముందు తొమ్మిది రోజులూ అక్కడే బతుకమ్మ ఆడేది.

1981లో పెళ్ళయి వర్లీ బీడీడీ చాళ్ళకు వచ్చాను. 1920లలో బ్రిటిషు ప్రభుత్వం కట్టించిన ఆ చాళ్ళు వర్లీలోనే 121 ఉండేవి. ఒక్కొక్క ఖోలీ 160 చదరపు అడుగులు, పాయిఖానాలు అంతస్తుకంతా కలిపి ఒక్కచోట. మా అత్తగారింట్లో ఏడుగురం. మా మామ పద్మశాలి, వరంగల్లు వైపు మనిషి. చిన్నతనంలో మగ్గం నేర్చి, బతుకుదెరువు కోసం వచ్చి, బట్టల మిల్లులో నేత ఖాతాలో పని చేసేవాడు. మనవాళ్ళు కొందరు షోలాపూర్‌లో చాదర్లు నేస్తూ ఆగిపోయారు, కొందరు భివండీలో మరమగ్గాలకు కుదిరారు, మామ మాత్రం ముంబయి దాకా వచ్చాడు.

మా పెళ్ళికి మామ తమ్ముడు కొత్తవాడ నుంచి జంపఖానా తెచ్చాడు. తనే నేసినది. ఎరుపు, నీలం పట్టీలు, నడుమ తెల్లటి గీత. మా మరాఠీ పొరుగువాళ్ళు దాన్ని సతరంజీ అంటారు. మన వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివినప్పుడు, ఆ గుర్తింపు మా ఖోలీలో ఎప్పటి నుంచో పరచుకొని పడుకుంటున్నాం గదా అని నవ్వుకున్నాను.

ఆ జంపఖానా మీద ఒక మూల, అరచేయి అంత నల్లమచ్చ ఉంది. దాని కథ చెబుతాను.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. డాక్టర్ దత్తా సామంత్ వెనక దాదాపు రెండున్నర లక్షల మంది బయటికి వచ్చారు. ఆ సమ్మెను ఎవరూ విరమించినట్టు ప్రకటించలేదు, మిల్లులే ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. మరుసటి ఏడాదికి మా ఇంట్లో పుస్తెలు తప్ప బంగారం లేదు. మామకు 52 ఏళ్ళు, తలంతా ముగ్గుబుట్ట. తాడ్‌దేవ్‌లో ఒక కొత్త భవనానికి వాచ్‌మన్ కావాలని ఎవరో చెప్పారు. ముసలివాళ్ళను తీసుకోరని కూడా చెప్పారు.

అత్తమ్మ పొడి రంగు పొట్లం తెప్పించింది. పొద్దున్నే మామను జంపఖానా మీద కూర్చోబెట్టి, పింగాణీ గిన్నెలో రంగు కలిపి, పాత పళ్ళుతోమే బ్రష్షుతో పూయడం మొదలుపెట్టింది. సగం తల అయిందో లేదో, గ్యాలరీలోంచి ఎవరో “నల్లా వచ్చింది!” అని కేకేశారు. చాళ్ళలో కాపురమున్నవారికి ఆ కేక అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అత్తమ్మ బిందె కోసం ఒక్క ఉదుటున లేచింది. గిన్నె బోర్లా పడింది.

“పోనీలే, బట్ట గదా, నెత్తి అయితే చాలు,” అన్నాడు మామ. కాని తమ్ముడి చేతి నేత. నాకు చూపించకుండా ముఖం అటు తిప్పుకున్నాడు.

కొత్త కోడల్ని, మెప్పు పొందాలని నాకు తాపత్రయం. వాళ్ళు బయటికి పోగానే స్టవ్ మీద నీళ్ళు మరగబెట్టి, చారెడు బట్టల సోడా వేసి, మచ్చ మీద పోసి, కొబ్బరిపీచుతో బరబరా రుద్దాను. గోధుమరంగులో ఉన్నది నా కళ్ళముందే నల్లబడింది. పావలా అంతది అరచేయంత అయింది. నలభై ఏళ్ళుగా అందరూ ఆ మచ్చ అత్తమ్మ వల్ల అనుకుంటున్నారు. సగం నాదే.

నేను చేసిన తప్పేమిటో చాలా ఏళ్ళ తర్వాత, మా అబ్బాయి రసాయన శాస్త్రం చదివేటప్పుడు తెలిసింది. తలకు వేసే పక్కా రంగులో ఉండేది నిజానికి రంగు కాదు. పారాఫినైలీన్ డయమైన్ అనే పదార్థం, పొట్లాల మీద పీపీడీ అని రాస్తారు. దాని అణువులు చిన్నవి, రంగు దాదాపు లేనివి. వెంట్రుక లోపలికి దూరిన తర్వాత ప్రాణవాయువు తగిలి, ఒకదానితో ఒకటి ముడిపడి, పెద్ద నల్లని అణువులవుతాయి. అప్పుడిక బయటికి రాలేవు. ఇది గాలికి, ఆక్సీకరణానికి రంగు తిరుగుతుందని హాఫ్‌మన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1863లోనే గమనించాడు. 1907లో పారిస్‌లో యూజీన్ షూలర్ ఇటువంటి రంగుల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ ముడి తొందరగా పడాలంటే కావలసినవి వేడి, క్షారం. నేను పోసిందేమిటి? మరుగుతున్న సోడా నీళ్ళు! ఆ రంగు పండడానికి అంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ చేయలేరు.

ఇక ఇప్పటి సంగతి. మొన్నటి దసరాలకు, సద్దుల బతుకమ్మకు ముందు రోజు, మా మనుమరాలు జుట్టు చివరలకు ద్రాక్షరంగు వేసుకుంది. కాలేజీ పిల్ల, వద్దంటే వింటుందా? నేను కూరగాయలకు పోయి వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంది.

“అవ్వా, కోపానికి రాకు.”

“ఏమైందే బిడ్డా?”

“నాయినమ్మల జంపఖానా...” అని ఏడుపు మొదలుపెట్టింది. దాని నోట నాయినమ్మలంటే మా అత్తమ్మ కాలంవాళ్ళందరూ. మరునాడు ఆ జంపఖానాయే కింద ఆవరణలో పరచాలి. బతుకమ్మ ఆడలేని ముసలమ్మలందరూ దాని మీదే కూర్చుంటారు. ఏటేటా ఉన్న రివాజు.

ఈసారి నేను స్టవ్ వెలిగించలేదు. ముందు సీసా తీసి చదివించాను. రెండు సీసాలు కలిపేది కాదు, నేరుగా పూసే క్రీము. అంటే రంగు ముందే తయారై ఉంది, పైపైన అంటుకుంటుంది, కొన్ని తలస్నానాలకు పోతుంది. బట్ట మీద నుంచి కూడా దీన్ని రప్పించవచ్చునని ధైర్యం వచ్చింది. రెండు సీసాల రకమైతే క్షణం ఆలస్యం చేయకూడదు, నల్లబడక ముందే చన్నీళ్ళతో వెళ్ళగొట్టాలి.

క్రీమును చెంచాతో, అంచు నుంచి మధ్యకు, మెల్లగా ఎత్తి తీశాను. తర్వాత తెల్లని పాత ధోవతి ముక్కతో అద్దాను. రుద్దకూడదు, అద్దాలి. గుడ్డ తెల్లదే కావాలి, రంగుగుడ్డయితే దాని రంగు దీనికి పడుతుంది. జంపఖానాలో ఒక గొప్ప సుఖముంది. దానికి అడుగున జనుపగుడ్డ, జిగురు ఏమీ ఉండవు, రెండు వైపులా ఒకటే నేత. అందుకని తిరగేసి, మచ్చ కింద మడతపెట్టిన తువాలు ఉంచి, వెనక వైపు నుంచి చన్నీళ్ళు పోశాను. రంగు వచ్చిన దారినే కిందికి దిగింది. నీళ్ళ డ్రమ్ములో సగం అయిపోయింది, అది వేరే సంగతి.

ఆ తర్వాత కప్పు గోరువెచ్చని నీళ్ళలో ఒక చిన్న చెంచా గిన్నెలు తోమే ద్రావకం, ఒక పెద్ద చెంచా తెల్ల వెనిగరు కలిపి, గుడ్డతో అద్దుతూ పది నిమిషాలు ఉంచి కడిగాను. మూడుసార్లు చేస్తే లేత గులాబీరంగు మిగిలింది. దానికి దూదితో సర్జికల్ స్పిరిట్ అద్దించాను. మన గదుల్లో పొయ్యి అక్కడే ఉంటుంది కనుక ముందు స్టవ్, దీపం ఆర్పి కిటికీ తెరవాలి. స్పిరిట్‌కు మంట ఇట్టే అంటుకుంటుంది. దూది మీదికి రంగు వచ్చినంతసేపూ దూది మారుస్తూనే ఉండాలి. మనుమరాలు లెక్కపెట్టింది, 31 ఉండలు.

తెల్ల గీతలో ఇంకా కొంచెం ఛాయ మిగిలింది. అక్కడికి మాత్రం హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల దుకాణంలో 6 శాతానిది ఇస్తే సమంగా నీళ్ళు కలిపితే 3 శాతమవుతుంది. ముందు కనబడని మూల ఒక చుక్క వేసి అరగంట చూడాలి, ఎరుపూ నీలమూ వెలిసిపోతే వాడకూడదు. మరొక జాగ్రత్త. పీపీడీ రంగు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు పెరాక్సైడ్ వేస్తే దాన్ని పండించినట్టే. బాగా కడిగిన తర్వాత, ఆఖరున మాత్రమే వేయాలి.

బట్టలు తెల్లబరిచే క్లోరిన్ ద్రావకం జోలికి పోవద్దని మరీ మరీ చెబుతున్నాను. అది వెనిగరుతో కలిస్తే విషవాయువు పుడుతుంది, అమ్మోనియాతో కలిసినా అంతే. 160 చదరపు అడుగుల గదిలో పారిపోయే చోటు కూడా ఉండదు.

మీలో కొందరి ఇళ్ళలో ఏలూరు తివాచీ ఉండవచ్చు. అది ఉన్ని. ఉన్ని కూడా మన వెంట్రుక వంటి మాంసకృత్తే కనుక తలకు పట్టే రంగు దానికీ అలాగే పడుతుంది, గోరింటాకు అయితే మరీను. క్లోరిన్ ద్రావకం ఉన్నిని కరిగించి వేస్తుంది. దానికి చన్నీళ్ళు, వెనిగరు, ఓపిక, అంతకు మించితే తివాచీలు శుభ్రం చేసేవారి దగ్గరికి పంపడమే మేలు. పరదేశాల్లో ఉన్నవారి ఇళ్ళలో గోడ నుంచి గోడకు పరచిన నైలాన్ తివాచీలు ఉంటాయి. వాటిని తిరగేయలేరు. వాటి మీద నీళ్ళు కుమ్మరిస్తే అడుగు మెత్త నాని వాసన కొడుతుంది. కొద్దికొద్దిగా తడిపి, తెల్ల తువాలు వేసి, పైన బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలితే తడితో పాటు రంగు కూడా పైకి లాగుతుంది. బరువుకు ఏ పుస్తకమైనా సరే, వాటి అట్ట తడవకుండా నడుమ ప్లాస్టిక్ కాగితం వేయడం మరచిపోకండి.

గ్యాలరీ కటకటాల మీద నీడపట్టున ఆరేశాం. తెల్లారేసరికి ద్రాక్షరంగు ఎక్కడ పడిందో వెతుక్కోవలసి వచ్చింది. నల్లమచ్చ మాత్రం అలాగే ఉంది.

పనిలో పనిగా దాన్ని కూడా తీయించాలని ఒకప్పుడు మహాలక్ష్మి ధోబీఘాట్‌కు తీసుకుపోయాను. అక్కడ పాలమూరు వైపు పెద్దాయన ఒకరు వేళ్ళతో తడిమి చూసి, “అమ్మా, దీన్ని తీయాలంటే నూలు తీయాలె. మరక పోతది, బొక్క మిగుల్తది. ఉండనియ్యి,” అన్నాడు. కూలి కూడా తీసుకోలేదు.

2025 ఆగస్టులో వర్లీ చాళ్ళలో మొదటి విడత కుటుంబాలకు కొత్త ఇళ్ళ తాళంచెవులు అందాయి. 500 చదరపు అడుగులు, ఇంట్లోనే స్నానాలగది. మా వంతు వచ్చేటప్పుడు పాత సామానంతా ఇక్కడే వదిలేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. జంపఖానా కూడా ఆ లెక్కలోనే ఉండేది. సద్దుల నాడు దాన్ని పరుస్తుంటే మనుమరాలు నల్లమచ్చ ఏమిటని అడిగింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. తాతకు ఆ వాచ్‌మన్ పని దొరికిందని, తొమ్మిదేళ్ళు చేశాడని, ఆ తొమ్మిదేళ్ళూ నెలనెలా రంగు వేసుకున్నాడని చెప్పాను. పని మానేసిన మరుసటి నెల నుంచే వేసుకోవడం మానేశాడు. వేడినీళ్ళ సంగతి కూడా చెప్పేశాను.

“అయితే సగం నీదన్నమాట,” అంది. తర్వాత తండ్రి దగ్గరికి వెళ్ళి ఏం చెప్పిందో నాకు తెలియదు. కొత్త ఇంటికి తీసుకుపోవలసినవాటి చిట్టీలో ఇప్పుడు జంపఖానా రెండో పేరు, దేవుడి పటాల తర్వాత.

ఇప్పుడు ఆ పిల్ల రంగు వేసుకునేది మోరీలో, స్టూలు మీద కూర్చొని, కింద పాత పేపర్లు పరచుకొని. చెవి వెనక ఒక చుక్క రాసి రెండు రోజులు చూసుకోమని కూడా చెప్పాను, పీపీడీ పడనివాళ్ళకు ముఖమంతా వాచిపోతుంది. అన్నిటికన్నా ముందు నల్లా వచ్చే వేళ కాదు గదా అని గడియారం చూసుకుంటుంది.