మెదడు పొరలు - బాలెంత తలనొప్పి



కొబ్బరికాయ కొట్టని గృహిణి యుండదు. పైన పీచు, దాని లోపల గట్టి చిప్ప, చిప్పనంటి గోధుమవన్నె పొర, ఆపై తెల్లని కొబ్బరి. మన తలయు నించుమించుగ నిట్టిదే. చర్మమును, పుఱ్ఱెను దాటినంతనే మెదడు తగులదు. నడుమ మూడు పొరలు గలవు. వెలుపలిది వరాశిక; తోలువలె దళసరియై పుఱ్ఱె నంటియుండును. నడిమిది లౌతికళ, సాలెగూటి పోగులవంటి పోగులు గలది. లోపలిది మృద్వి, తడిబట్ట యొంటి నంటినట్లు మెదడుయొక్క ప్రతి ముడుతలోనికిని దిగి యంటియుండును.

వరాశికను 'గట్టి తల్లి' యనియు, మృద్విని 'మెత్తని తల్లి' యనియు పాశ్చాత్యులు లాటిను భాషలో పిలుతురు. ఇది వారు స్వయముగ కల్పించిన పేరుగాదు. అరబ్బీ వైద్యులు పొరలను తల్లులనిరి. 12వ శతాబ్దమున అంటియోకు స్టీఫెను వారి వైద్యగ్రంథమును లాటినులోనికి మార్చినపుడు ఆ మాటయు వెంట వచ్చినది. నడిమి పొరకు మాత్రము సాలెపురుగు పేరు దక్కినది.

లౌతికళకును మృద్వికిని నడుమ తేటనీటివంటి ద్రవ మొకటి గలదు. దానిని మస్తిష్క మేరుద్రవమందురు. నిండు బిందె బావినీటిలో నున్నంతవఱకు తేలికగ నుండి, నీరు దాటగనే చేయి లాగివేయునుగదా! అట్లే 1400 గ్రాముల మెదడు ఈ ద్రవములో తేలుచు సుమారు 50 గ్రాముల బరువే తోచును. తలయందును వెన్నునందును గలిపి ఈ ద్రవము 150 మిల్లీలీటర్లకు మించదు. కాని దినమునకు 500 మిల్లీలీటర్లు క్రొత్తగ నూరుచుండును. మఱి మిగిలినది యెక్కడికి బోవును? అక్కడనే యున్నది మేము చెప్పదలచిన విషయము.

వరాశిక రెండు పేటల బట్టవంటిది. కొన్ని తావుల నా పేటలు విడివడి నడుమ గొట్టమేర్పడును. లంగాకు బొందు దూర్చుటకై అంచు మడచి కుట్టుదుముగదా, అచ్చముగ నట్టిదే. బొందునకు మాఱుగ నిందులో మెదడు వాడుకొని విడిచిన రక్తము పాఱును. వైద్యులు వీనిని సైనస్‌లందురు. జలుబు చేసినపుడు ముక్కు ప్రక్కల నొప్పి పుట్టించు సైనస్‌లు వేఱు, ఇవి వేఱు. పేరొక్కటి యగుటచే మేమును తొలుత తికమకపడితిమి. వీనిలో పెద్దది సరిగ మనము పాపిట తీయు చోటున, పుఱ్ఱెక్రింద, నుదుటినుండి వెనుకకు బోవును. తల వెనుక నది మఱొక కాలువతో గలిసి, కుడియెడమలకు చీలి, చెవుల వెనుకగ వంపు తిరిగి, మెడలోని పెద్ద సిరలలో పడును. ఆ కూడలికి ప్రాచీన గ్రీకు వైద్యుడు హెరోఫిలసు పేర ద్రాక్షగానుగ యని పేరు. మన సుశ్రుతుడును తల లోపలి పైభాగమున సిరలును సంధులును గూడు తావును, వెలుపల సుడి కనబడు తావును 'అధిపతి' యను మర్మముగ చెప్పి, అచట దెబ్బతగిలిన సద్యోమరణమనెను. మా తండ్రిగారు శారీరస్థానము చదివించునపుడు మే మీ మాటను కంఠస్థము చేసితిమేగాని యేమియు నెఱుగము. ఈ కాలువలన్నియు సుశ్రుతునికి దెలియునని మేమనజాలము. సిరలు గూడుచోటు ప్రాణస్థానమని మాత్ర మాయన యెఱిగెను.

మా కొత్తకోటకు చేరువను సరళాసాగరము గలదు. వనపర్తి రాజా రామేశ్వరరావుగారు తల్లి పేరు పెట్టి 1949లో పునాది వేయించగా 1959లో ప్రారంభమైనది. నీటిమట్టము హద్దు మీఱగనే, ఎవరును తలుపు లెత్తకయే, సైఫన్ గొట్టములద్వారా మిగులునీరు తనంతట వెడలిపోవుట దాని విశేషము. తలలోను ఇట్టి యేర్పాటే. లౌతికళనుండి చిన్న మొటికలు పాపిటక్రింది కాలువలోనికి పొడుచుకొని వచ్చియుండును. ద్రవముయొక్క ఒత్తిడి కాలువలోని ఒత్తిడిని మించినపుడు ఎక్కువైన ద్రవము వానిద్వారా రక్తములో గలియును. కాని కాలువయే పూడినచో? రక్తమును నిలుచును, ద్రవమును నిలుచును. 2019 డిసెంబరు 31వ తేదీన సరళాసాగరము కట్ట తెగినప్పుడు నీరు పొలములపాలయ్యెను. పుఱ్ఱెకు తెగుటకు కట్టలేదు. ఒత్తిడియంతయు మెదడే భరింపవలెను.

ఇది మా యింటనే జరిగినది. మా తోడికోడలు తల్లిలేని పిల్ల గనుక రెండవ పురుడు మాయొద్దనే పోసితిమి. మా అత్తగారి కాలపు పథ్యము ప్రకారము బాలెంతకు నీరు కొలిచి యిచ్చెడివారము; దినమునకు రెండు చిన్న చెంబులు. నీరు త్రాగిన కడుపు జాఱునని నమ్మకము. ఎండలు ముదిరిన చైత్రమాసము. తొమ్మిదవనాడు "అక్కా, తల పలిగిపోతున్నది, గుక్కెడు నీళ్లియ్యి" అని ఆమె బ్రతిమాలగా, ఆ చెంబు ప్రక్కన పెట్టినవారము మేమే. ఒక వైద్యశాలలో నొప్పిమాత్ర లిచ్చి పంపిరి. పదునొకండవనాడు వాంతులు, కన్నులు మసకలు. ఆ రాత్రి కుడిచేయి కొట్టుకొని ఫిట్సు వచ్చెను. బాలెంత సన్నియని కొందఱు, గాలి సోకినదని కొందఱు. మా వారు మాత్ర మెవరి మాటయు వినక తెల్లవాఱకమునుపే కారు మాట్లాడి హైదరాబాదునకు దీసికొనిపోయిరి. అచట ఎం.ఆర్.ఐ. తీసి, పాపిటక్రింది కాలువలో రక్తము గడ్డకట్టినదని చెప్పిరి.

కాన్పైన పిదప రక్తస్రావము కట్టుటకై యీశ్వరుడే బాలింతరాలి రక్తమును త్వరగ గడ్డకట్టునట్లు చేసియుంచెను. ఆఱు వారములవఱ కది యట్లుండును. దానిపై రక్తహీనతయు, నీరు చాలకుండుటయు తోడైనపుడు చిక్కు. నీరు తగ్గించుట యొక్కటియే యామె జబ్బునకు కారణమని వైద్యులు చెప్పలేదు. కారణము గాదనియు చెప్పలేదు. పసిబిడ్డకు నీరు తగ్గినచో మాడు పల్లమగును. ఆముదము పెట్టు చేతికే తెలియును. తల్లి తలకు అట్టి కిటికీ లేదు.

ఇది స్త్రీలకు మాత్రమే వచ్చునని తలంపరాదు. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థవారు 428 మంది రోగుల వివరములు 2012లో ప్రకటించిరి. అందు సగముకంటె కొంచె మెక్కువమంది పురుషులే! రక్తహీనత నూటికి 18 మందిలోను, గర్భనిరోధక మాత్రలు 11 మందిలోను, ప్రసవము దాదాపు 10 మందిలోను హేతువులుగ కనబడినవి. మాత్రల సంగతి మన వ్రతములకు దగ్గఱగ నున్నది. పెండ్లికో, తిరుపతి ప్రయాణమునకో ముట్టు వాయిదా వేయుటకు దుకాణములో నడిగి హార్మోను మాత్రలు దెచ్చుకొని మ్రింగుచున్నారు. తీవ్రమైన తలనొప్పి కలవారు, ఇంటివారిలో రక్తపు గడ్డల జబ్బున్నవారు వైద్యు నడుగక వానిని ముట్టరాదు. దేవుడు నాలుగు దినములు ఆగడా?

చికిత్స వినిన మాకు భయమేసినది. మెదడులో కొంత రక్తము చిమ్మియున్నను, రక్తమును పలుచబఱచు హెపారిన్ ఎక్కింతుమనిరి. కాలువ తెఱచుకొనిననేగాని చిమ్ముట యాగదని వారి మాట. 1991లో జర్మనీ వైద్యులు ఇరువది మందిపై దీనిని పరీక్షించిరట. హెపారిన్ పొందిన పదిమందిలో ఎనమండుగురు పూర్తిగ కోలుకొనిరి; పొందని పదిమందిలో ఒక్కరే కోలుకొనిరి, ముగ్గురు మరణించిరి. మా వారు కాగితముపై సంతకము చేసిరి.

మూడవనాటికి నొప్పి తగ్గెను. పిదప ఆఱు మాసములు మాత్రలు వాడవలసివచ్చినది. అవి చనుబాలకు చేటుగావని చెప్పుటచే బిడ్డకు పాలు మాన్పలేదు. చూపు తిన్నగ వచ్చుటకు మఱి రెండు మాసములు పట్టినది. ఇంటికి వచ్చిననాడు మా అత్తగా రేమియు ననక, పెద్ద రాగిచెంబు తోమి, కాచి చల్లార్చిన నీరు నింపి, ఆమె మంచము ప్రక్కన పెట్టిరి.