పాత సూపర్‌మేన్ కార్టూన్లు: ఏ డిస్కు కొనాలి?

మొన్న మన సంఘం సంక్రాంతి సంబరాలనాడు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి ఉండగా, ఒక మిత్రులు వెనకనుంచి భుజం తట్టి, "డాక్టరుగారూ, మీవాడు పాత సూపర్‌మేన్ కార్టూన్లు తెగ చూస్తాడటగా! మా పిల్లలకూ కొందామని చూస్తే ఒకే పేరుతో అరడజను డిస్కులున్నాయి. ఒకటి రెండు డాలర్లు, ఇంకొకటి దానికి పదింతలు. తేడా ఏమిటండీ?" అని అడిగారు. పులిహోర వడ్డించుకునేలోగా తేలే ప్రశ్న కాదది. మేమేదో చెప్పబోతుంటే పక్కనే ఉన్న సంపాదకులు, "ఇక్కడ చెప్పకండి, రాసివ్వండి. వచ్చే సంచికలో నాలుగు పేజీలు ఖాళీగా ఉన్నాయి" అన్నారు. అదీ ఈ వ్యాసం పుట్టిన కథ.

ముందుగా మా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. ఐదేళ్ల క్రితం ఒక మందుల దుకాణంలో, డబ్బు కట్టేచోట చౌక డిస్కులు పోసిన బుట్టలోంచి సూపర్‌మేన్ బొమ్మ ఉన్న డిస్కు ఒకటి ఏరి తెచ్చాం. ధర రెండు డాలర్లు. అప్పటికి మావాడికి ఆరేళ్లు. బొమ్మ మొదలైంది. ఆకాశం ఎర్రన, ఊరు ఎర్రన, సూపర్‌మేన్ ముఖం కూడా ఎర్రన. చీకటి దృశ్యం వస్తే తెరమీద తారు పూసినట్టుంది. మావాడు మూడు నిమిషాలు ఓపిక పట్టి, "నాన్నా, ఈయనకు జ్వరమా?" అని అడిగి, లేచి వెళ్లిపోయాడు. పాతవి ఇంతేలే, ఇప్పటి పిల్లలకు ఎక్కవు అనుకుని మేమూ ఆ డిస్కును అటకెక్కించాం.

రెండేళ్ల తర్వాత ఒక మిత్రుల ఇంట్లో అదే కార్టూను మంచి డిస్కు మీద చూశాం. పేరు 'ది మెకానికల్ మాన్‌స్టర్స్'. ఇనుప మరమనుషులు రెక్కలు విప్పి నగల దోపిడీకి ఎగిరిపోతుంటే వాటి నీడలు గోడలమీద పాకడం కనిపించింది. మావాడు నోరు తెరుచుకుని చూసి, "ఇది మనింట్లో ఉన్నదేనా?" అన్నాడు. అదే. కాని అది కాదు. చౌక డిస్కు వల్ల పోయింది రెండు డాలర్లు కాదు; పిల్లవాడికి ఒక మంచి వస్తువు మీద రెండేళ్లపాటు కలిగిన అయిష్టం. అందుకే ఈ ఎంపిక అంత చిన్న విషయమేమీ కాదంటున్నాం.

ఈ కార్టూన్ల పుట్టుక క్లుప్తంగా చెబుతాం. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్లు సృష్టించిన సూపర్‌మేన్ 1938లో బొమ్మల పుస్తకంలో తొలిసారి కనిపించాడు. దాన్ని వెండితెరకు తెమ్మని పారమౌంట్ సంస్థ ఫ్లైషర్ సోదరులను అడిగింది. వీరే బెట్టీ బూప్‌ను సృష్టించి, పొపాయ్‌ని తెరకెక్కించినవారు. అన్న మాక్స్ ఫ్లైషర్ 1883లో క్రాకో నగరంలో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో న్యూయార్క్ వచ్చినవాడు. తమ్ముడు డేవ్ దర్శకుడు. మొదటి చిత్రానికి సుమారు 50,000 డాలర్లు ఖర్చయిందంటారు. ఆ రోజుల్లో ఒక చిన్న కార్టూనుకు అది చాలా పెద్ద మొత్తం. అది 1941 సెప్టెంబరు 26న విడుదలై ఆస్కారు పోటీదాకా వెళ్లింది. బహుమతి మాత్రం డిస్నీవారి 'లెండ్ ఎ పా'కు దక్కింది. మొదటి తొమ్మిదీ ఫ్లైషర్ల స్టూడియోవి. తర్వాత పారమౌంట్ వారు సోదరులిద్దరినీ తప్పించి, ఆ స్టూడియోనే ఫేమస్ స్టూడియోస్‌గా మార్చి మరో ఎనిమిది తీయించారు. 1943 జులైలో వచ్చిన 'సీక్రెట్ ఏజెంట్' చివరిది. మొత్తం 17. ఒక్కొక్కటి ఇంచుమించు ఎనిమిది నుంచి పది నిమిషాలు.

మరి అన్ని రకాల డిస్కులు ఎందుకున్నాయి? అప్పటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైటు 28 ఏళ్లు. ఆపైన కావాలంటే దరఖాస్తు పెట్టి పొడిగించుకోవాలి. ఈ 17 చిత్రాలకు ఆ పని జరగలేదు. దాంతో అవి అందరి సొత్తయ్యాయి. చేతికి ఏదో ఒక రీలు దొరికినవారల్లా మొదట వీడియో కేసెట్లు, తర్వాత డిస్కులు అచ్చొత్తి అమ్మారు. ఇక్కడ గ్రహించవలసిన కీలకం ఒకటుంది. హక్కు అందరిదీ అయింది గాని, అసలు నెగటివు అందరి చేతికీ రాలేదు. అది వార్నర్ బ్రదర్స్ సంస్థ దగ్గర ఉంది. తక్కినవారికి దొరికినవి చాలావరకు టెలివిజన్ కోసం తీసిన 16 మిల్లీమీటర్ల ప్రింట్లు, వాటికి కాపీలు, ఆ కాపీలకు కాపీలు.

ఆ ఎరుపు ఎక్కడిదో కూడా చెప్పాలి. టెక్నికలర్ పద్ధతిలో కార్టూను తీసేటప్పుడు ప్రతి బొమ్మనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం జల్లెడల గుండా వరసగా మూడుసార్లు నలుపు తెలుపు ఫిలిం మీదనే ఫొటో తీసేవారు. రంగులు ప్రింటు తీసేటప్పుడు చేరేవి. నెగటివులో రంగే లేదు కనుక వెలిసిపోయేదీ లేదు. అందుకే ఎనభై ఏళ్లు దాటినా దానిలోంచి నాటి రంగులు మళ్లీ తీయవచ్చు. తర్వాతి కాలపు కలరు ప్రింట్లలో అద్దకపు రంగులే ఉంటాయి. వాటిలో నీలిఛాయ ముందుగా పోయి ఎరుపు మిగులుతుంది. పైగా 16 మిల్లీమీటర్ల ఫిలిం మీద బొమ్మ వైశాల్యం 35 మిల్లీమీటర్లదానిలో నాలుగో వంతు కూడా ఉండదు.

మా వృత్తిలో ఇది బాగా ఎరిగిన సంగతే. ఇండియాలో హౌస్‌సర్జన్లుగా ఉన్నప్పుడు ఎక్స్‌రే ఫిలిం కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూసేవాళ్లం. ఒరిజినల్ అయితే ఎముకలో వెంట్రుకవాసి చీలిక కూడా కనిపించేది. ఎవరైనా దాన్ని ఫోనుతో ఫొటో తీసి, ఆ ఫొటో నలుగురి చేతులు మారి వస్తే, చెయ్యి అని తెలుస్తుంది గాని విరిగిందో లేదో తెలియదు. కార్టూనూ అంతే. సూపర్‌మేన్ అని తెలుస్తుంది. ఆ గీసినవాళ్ల చేతివాటం తెలియదు.

కనుక కొనేముందు ఈ ఐదూ చూడండి.

ఒకటి, దేనినుంచి తీశారో డబ్బా వెనక రాసి ఉందా? అసలు నెగటివు నుంచి అయితే ఉత్తమం, 35 మిల్లీమీటర్ల ప్రింటు నుంచి అయితే మధ్యమం. 'డిజిటల్‌గా మెరుగుపరచినది' అని మాత్రమే ఉండి, దేన్ని మెరుగుపరచారో చెప్పకపోతే అనుమానించండి.

రెండు, లెక్క. మొత్తం 17 ఉండాలి. ఏడో తొమ్మిదో పెట్టి 'సంపూర్ణం' అని రాసేవారున్నారు.

మూడు, బొమ్మ ఆకారం. ఇవి ఇంచుమించు చదరపు తెరకు తీసినవి. ఇప్పటి వెడల్పు టీవీలో రెండు పక్కలా నల్లపట్టీలు కనిపించాలి. తెర నిండా ఉందంటే తలలో కాళ్లో కత్తిరించారన్నమాట, లేదా మనుషులను లావు చేశారన్నమాట.

నాలుగు, మొదటి టైటిళ్లూ శబ్దమూ. పారమౌంట్ వారి పాత టైటిళ్లు ఉంటే మంచి గుర్తు. సామీ టింబర్గ్ కూర్చిన సంగీతానికి కొత్త చప్పుళ్లు తగిలించి ఉంటే వద్దు.

ఐదు, ఏ దేశపు మెషీనులో ఆడుతుంది? ఇది మనవాళ్లకు ముఖ్యం. డీవీడీలకు అమెరికా ఒకటో మండలం, ఇండియా ఐదో మండలం. బ్లూరేకు అమెరికా 'ఎ', ఇండియా 'సి'. మేము మనవడితో కలిసి చూడమని ఇక్కడి డిస్కు ఒకటి తెనాలి తీసుకెళ్లి, మామయ్యగారి మెషీనులో పెడితే అది కదల్లేదు. ఆయన నవ్వి, "దానికీ వీసా కావాలేమో నాయనా" అన్నారు. అన్ని మండలాలవీ ఆడే మెషీను ఉంటేనే అక్కడికి పంపండి.

ఇక ఉన్నవాటిలో ఏవి మంచివి? 2000లో ఇమేజ్ సంస్థ తెచ్చిన 'డైమండ్ యానివర్సరీ' డీవీడీ 35 మిల్లీమీటర్ల ప్రింట్ల నుంచి తీసినది. పాత సరుకు అమ్మేచోట తక్కువకు దొరికితే తీసుకోవచ్చు. 2006లో వార్నర్ వారు క్రిస్టఫర్ రీవ్ సూపర్‌మేన్ చిత్రాల డిస్కులకు అనుబంధంగా వీటిని ఇచ్చారు. 2009 ఏప్రిల్‌లో విడిగా రెండు డీవీడీల పెట్టె తెచ్చారు. దానిమీద '1941-1942' అని ఉంటుంది గాని, 1943వి కూడా కలిపి 17 ఉన్నాయి. 2023 మే నెలలో అసలు నెగటివు నుంచి తీసిన బ్లూరే ఒక్క డిస్కుగా వచ్చింది.

బ్లూరేలో రంగులు చూస్తే నిన్న గీసినట్టుంటాయి. అయితే ఒక లోపం ఉంది. ఫిలిం మీద సహజంగా ఉండే ఇసుకరేణువుల్లాంటి నలకలను యంత్రంతో మరీ తుడిచేశారు. దాంతో అక్కడక్కడ సన్నగీతలూ మెత్తబడ్డాయి. పాత చిత్రాల ప్రేమికులు చాలామంది ఈ విషయంలో నొచ్చుకున్నారు. మాకూ ఆ బాధ ఉంది. 2009 డీవీడీలో బొమ్మ అంత వివరంగా ఉండదు గాని ఇంత తుడుపు లేదు. పిల్లలకోసం ఒక్కటే కొనేవారు బ్లూరే కొనండి. గీత అందం తెలిసినవారు 2009 పెట్టెను కూడా దగ్గర ఉంచుకోండి. మేము రెండూ ఉంచుకున్నాం. ఇంట్లో "ఒకటే కార్టూను ఎన్నిసార్లు కొంటారండీ?" అన్న మాట పడ్డాం.

ఇంతవరకు బొమ్మ సంగతి. ఇక డబ్బా మీద రాయని సంగతి ఒకటుంది. సంపూర్ణమైన డిస్కు కొంటే అందులో యుద్ధకాలపు విషం కూడా వస్తుంది. 'జంగిల్ డ్రమ్స్'లో ఆఫ్రికావారిని చూపిన తీరు సిగ్గుచేటు. 1942 సెప్టెంబరులో వచ్చిన 'జపొటీర్స్' అన్న పేరే ఒక తిట్టు. అందులో ఒక జపాను మనిషి ఈ దేశంలోనే ఆఫీసులో కూర్చుని పెద్ద బాంబు విమానం ఎత్తుకుపోవడానికి కుట్ర చేస్తాడు. అదే ఏడు ఫిబ్రవరిలో వెలువడిన అధ్యక్షుడి ఉత్తర్వుతో సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని ఇళ్లనుంచి తరలించి శిబిరాల్లో పెట్టారు. వారిలో దాదాపు మూడింట రెండువంతులు ఇక్కడే పుట్టిన పౌరులు.

మేము ముందుగా చూసుకోకుండా మావాడి ముందు అది పెట్టేశాం. అయిపోయాక వాడు కొంతసేపు ఊరుకుని, "నాన్నా, హాస్పిటల్లో నీ గురించి కూడా ఎవరైనా ఇలా అనుకుంటారా?" అని అడిగాడు. రోగి బంధువుల ఎంతెంతో కష్టమైన ప్రశ్నలకు జవాబు చెప్పిన మాకు ఆ నిమిషం నోరు పెగల్లేదు. మా ఆవిడే టీవీ ఆపి వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ శిబిరాల కథ చెప్పింది. 1988లో ప్రభుత్వం చట్టం చేసి క్షమాపణ చెప్పుకుని, అప్పటికి బతికి ఉన్న బాధితులకు తలా 20,000 డాలర్లు ఇచ్చిందనీ చెప్పింది. "మరి అంత ఆలస్యమెందుకు?" అన్నాడు వాడు. దానికి ఆవిడ దగ్గరా జవాబు లేదు.

'ఎలక్ట్రిక్ ఎర్త్‌క్వేక్'లో దుష్టుడు ఒక అమెరికన్ ఆదివాసి శాస్త్రజ్ఞుడు. మన్‌హట్టన్ మా వాళ్లది, తిరిగి ఇచ్చేయండి అంటాడు. భూకంపం పుట్టించడం తప్పే. కాని మావాడు, "ఆయన చెప్పింది నిజమే కదా?" అన్నాడు. సూపర్‌మేన్ ఆ ప్రశ్న జోలికి పోలేదు.

ఇలాంటివి తీసేసిన డిస్కు కొనవచ్చు కదా అని ఒక సోదరి మాతో అన్నారు. ఆవిడ భయం అర్థమైంది. కాని మా అభిప్రాయం వేరు. నలకలు తుడిచేస్తే గీతలు పోయినట్టే, ఇవి తీసేస్తే ఈ దేశం ఒకప్పుడు పరాయివాళ్లను ఎలా చూసిందో మన పిల్లలకు తెలియకుండా పోతుంది. తెలిసి ఉండవలసిన పిల్లలు మనవాళ్లే. అయితే వాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టి మనం వంటింట్లోకి పోకూడదు. చిన్నపిల్లలకు ముందు 'మెకానికల్ మాన్‌స్టర్స్', 'బిలియన్ డాలర్ లిమిటెడ్', 'ఆర్కిటిక్ జెయింట్', 'బులెటీర్స్', 'మాగ్నెటిక్ టెలిస్కోప్' చూపండి. 'ఎలక్ట్రిక్ ఎర్త్‌క్వేక్', 'జపొటీర్స్', 'ఎలెవెన్త్ అవర్', 'జంగిల్ డ్రమ్స్' తొమ్మిది పదేళ్లు వచ్చాక, పక్కన కూర్చుని చూపండి. పది నిమిషాల బొమ్మకు అరగంట మాటలు పడతాయని ముందే అనుకోండి.

మా 2009 పెట్టెను సంఘం గ్రంథాలయానికి ఇస్తున్నాం. వచ్చే ఆదివారం తెలుగు బడి అయ్యాక తీసుకువెళ్లవచ్చు. ఒక్క మనవి. తిరిగి ఇచ్చేముందు దయచేసి డిస్కును చొక్కా అంచుతో తుడవకండి.